నునుపు పట్టిన మోకాళ్ళు

నంద్యాల బస్సులో కండక్టరు నా దగ్గరికి వచ్చి, "ఏం సార్, మీ యమ్మ రాల్యా ఈ పొద్దు?" అని అడిగాడు.

నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి పోతున్నాను. మా అమ్మ నేను డిగ్రీ చదివే రోజుల్లోనే పోయింది. కండక్టరు అడిగింది ఆమెను కాదు. నాతోపాటు ఆళ్ళగడ్డలో ఎక్కి, ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, నంద్యాల వచ్చేదాకా బస్సులో ఉన్న అందరి ముఖాలకూ వంకలు పెట్టే ఒక ముసలామెను. ఆమె నాకు అమ్మ కాదు, చుట్టం కూడా కాదు. నంద్యాలలో ఒకే ఫిజియోథెరపీ సెంటరులో ఆమెకు మోకాళ్ళకూ నాకు భుజానికీ వైద్యం జరిగింది. మా ఇద్దరికీ ఉన్న బంధుత్వం అంతే. ఆమె పోయిన నెల చనిపోయింది. టికెట్టు చించి ఇచ్చేలోపు చెప్పగలిగిన సంగతి కాదది.

"రాలేదప్పా," అన్నాను.

"నొప్పులు తగ్గినాయా?"

"తగ్గినాయి."

నేను చెప్పిన రెండు మాటలూ నిజమే. అయినా నంద్యాల దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

ఆళ్ళగడ్డలో రాళ్ళు దేవుళ్ళవుతాయి. బేరం కుదిరితే నాయకులు కూడా అవుతాయి. ఉలి పట్టేది మగవాళ్ళు. ఆ ఉలి తగిలిన గుర్తులన్నీ కనబడకుండా చేయడం ఆమె పని. విగ్రహాన్ని వెల్లకిలా పడుకోబెడతారు. పక్కన తడినేల మీద గొంతుక్కూర్చుని, చెంబుతో నీళ్ళు పోస్తూ, అరచేతిలో పట్టే సానరాయి ముక్కతో రుద్దాలి. ఒళ్ళంతా ఎవరైనా రుద్దవచ్చు. ముఖం మాత్రం ఆమెదే. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఉత్సాహం కొద్దీ ఒక అమ్మవారి కింది పెదవిని పూర్తిగా రుద్దేసిందట. మొగుడు తిట్టలేదట, కొట్టలేదట. వేలితో ఆ చోటు చూపించి, "నునుపొచ్చినాక చెయ్యి తియ్యాల" అన్నాడట. మొగుడు పోయినా ఆ మాట మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. జీవితంలో ఆమె పాటించిన శాస్త్రం అదొక్కటే.

ముఖాలు రుద్దీ రుద్దీ ఆమెకు మనుషుల ముఖాలు కూడా ఎవరో సగంలో వదిలేసిన పనిలాగే కనిపించేవి.

"ఆ ముందు సీటాయన్ను చూడు అయివారా. ముక్కు బాగా తీసినారు. పెదిమల కాడికి వచ్చేపాటికి ఇసుగొచ్చి ఇడిసిపెట్టినారు."

ఆయనకు వినబడేలాగే అనేది. నేను కిటికీ వైపు తిరిగి, ఆమె ఎవరో నాకు తెలియనట్టు కూర్చునేవాణ్ణి. ఒకే సీటులో కూర్చుని అలా నటించడం కష్టం. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను: "నా సంగతేంది పెద్దమ్మా?"

తిరిగి నిదానంగా చూసింది. "నీది ఇంగా ఉలి పనే. నునుపు పట్టలేదు."

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

పెద్దమ్మ దేన్ని చూసినా బొటనవేలితో తడిమేది. బస్సు కమ్మీ, టెంకాయ, నా ఫోను అద్దం, సెంటరులో బల్ల అంచు. ఆ బొటనవేలి మీద గీతల్లేవు. రాయితోపాటు అదీ అరిగిపోయింది. రేషన్ మిషన్ ఆ వేలిని ఒప్పుకునేది కాదు. "వేలు పెడితే నేను లేనంట. ఉండేదాన్ని ఈడ నిలబడి చూస్తాంటే లేనంటాది అది. కండ్లు చూపించినాక ఉండాననె. కండ్లు ఇంగా అరగలేదు మరి," అంది నాతో. తనను గురించి ఆమె చెప్పుకున్న అతి పెద్ద కథ ఇదే.

ఇక మోకాళ్ళ సంగతి. నేలమీద గొంతుక్కూర్చుని బతికిన మనిషికి మోకాళ్ళు నొప్పి పుట్టడంలో వింత లేదు. కొన్నేళ్ళ కిందట ఎవరో డాక్టరు ఫోటో తీయించి, "గుజ్జు అరిగిపోయిందమ్మా" అన్నాడు. మన డాక్టర్లందరూ రోజూ అనే మాటే. వేరే ఎవరైనా అయితే ఏడ్చేవాళ్ళు, లేకపోతే నూనె రాసుకునేవాళ్ళు. ఈమెకు మాత్రం ఆ మాట తన పనిలోంచి వినబడింది. అరిగింది అంటే నునుపు వచ్చింది. నునుపు వచ్చాక చెయ్యి తీయాలి. కాబట్టి కాలు కదిలించకూడదు.

ఆమె తర్కంలో నాకు ఇప్పటికీ తప్పు దొరకదు. తప్పల్లా మోకాలిదే, అది రాయి కాదు.

అప్పటినుంచి మోకాళ్ళను దాచుకోవడం మొదలుపెట్టింది. బాగా నొప్పి పుట్టే కుడి కాలిని మరీ పొదుపుగా వాడింది. ఒక పని మానేసింది, తర్వాత ఇంకొకటి. చివరికి నేలమీద కూర్చోవడం కూడా మానేసింది. కొడుకు షెడ్డు వాకిట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ప్రేమతోనే వేశాడు. కానీ ఆ షెడ్డులో కుర్చీ అంటే వేరే అర్థం ఉంది. పని చేసేవాళ్ళు నేలమీద ఉంటారు. కుర్చీలో కూర్చునేది బేరమాడడానికి వచ్చినవాళ్ళు. లోపల ముఖాలు కోడలి చేతికి వెళ్ళాయి. ఈమె వాకిట్లోంచి చూస్తూ, "బుగ్గ ఉబ్బింది, పంటినొప్పి వచ్చినదాని మాదిరి ఉండాది అమ్మవారు" అని అరుస్తూ ఉండేది. కోడలు వినబడనట్టు ఇంకో చెంబు నీళ్ళు పోసేది.

ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు డబ్బులు అవసరం లేకుండా పోయిన తర్వాత ఎవరో చెప్పారు, నంద్యాలలో మోకాళ్ళకు కరెంటు పెడతారని. బయల్దేరింది. ఆమెకు కావలసింది నొప్పి తగ్గడం కాదు. నొప్పితో ఆమెకు పాత పరిచయమే. ఆ కుర్చీలోంచి లేచి మళ్ళీ ముఖాల దగ్గరికి పోవాలి. నాకు పరిచయమైన మొదటి రోజే చెప్పింది: "ముఖం కాడ కూచుంటే చాలు అయివారా. ఇంగేం అడగను."

నా భుజం సంగతి చెప్పుకోదగ్గది కాదు. చెయ్యి పైకి లేచేది కాదు. కాలేజీలో బోర్డు మీద కింది సగంలోనే రాస్తుంటే, పిల్లలు సిలబస్ సగానికి తగ్గించారనుకుని సంతోషించారు. సెంటరులో నా పని గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను సాలెపురుగు లాగ పైకి నడిపించడం. నా వెనకాల బల్లమీద ఆమె కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకు కరెంటు మెత్తలు పెట్టించుకుని, దర్జాగా పడుకునేది. వేళ్ళ కణుపులు కూడా వాచి ఉండేవి కాబట్టి చేతులను గోరువెచ్చటి మైనంలో ముంచేవాళ్ళు. మైనం గట్టిపడ్డాక తీసేసేటప్పుడు అది తొడుగు లాగ ఊడి వచ్చేది. ఆమె దాన్ని పారేయనిచ్చేది కాదు, వెలుతురుకు పట్టి చూసేది.

"చెయ్యి ఇట్ల వంకర పొయ్యిందా? ఈ చెయ్యి ఎవురన్నా చెక్కింటే రాయి తిరిగి పంపిచ్చేదాన్ని."

ఆ సెంటరు నడిపే అమ్మాయి పాములపాడు నుంచి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. నవ్వు తక్కువ, ఓపిక ఎక్కువ. మొదటిరోజు ఆమెను "అవ్వా" అని పిలిచింది. "నీకు నేను అవ్వనైతే మీ యమ్మ నాకేమైతాదో లెక్క చూసుకో" అంది ఈమె. తర్వాత నుంచి పెద్దమ్మా అనేది.

"ఇంట్లో వ్యాయామం చేస్తాండావా పెద్దమ్మా?"

"చేస్తాండా."

"ఎట్ల చేస్తాండావో చూపించు."

"ఈడెందుకమ్మా, ఇంట్లో చేస్తాండా గదా."

ఇలా కొన్నాళ్ళు గడిచాయి. కరెంటు పెట్టిన రోజు కాస్త సుఖంగా ఉండేది, మర్నాటికి మామూలే. ఒకరోజు ఆ అమ్మాయి తువ్వాలను చుట్ట చుట్టి కుడి మోకాలి కింద పెట్టి, "దీన్ని కిందికి అదిమి పట్టు" అంది. ఆమె అదిమింది. తొడ వణికింది. తువ్వాల కదల్లేదు.

"నువ్వు ఇంట్లో ఒక్క రోజు కూడా చేయలేదు."

"చేయలేదు," అంది ఈమె. దొరికిపోయిన సిగ్గేమీ లేదు. "అరిగిపొయ్యిందని మీరే అంటిరి. అరిగినదాన్ని మల్లా కదిలించమంటారు. ఏందీ లెక్క? రాయిని రుద్దితే రాయే పోతాది. నా మొగుడు చెప్పినాడు, నునుపొచ్చినాక చెయ్యి తియ్యాలని."

ఆ అమ్మాయి ఎక్స్‌రే తీసి కిటికీకి పట్టింది. "ఇదిగో, ఈ సందులో గుజ్జు తగ్గింది. కనపడుతాందా?"

ఈమె బొటనవేలితో ఆ ఫిల్మును తడిమింది. "తెల్లగా ఉండాది. రాయే గదా."

"ఎముక పెద్దమ్మా."

"తేడా యాడుంది?"

నేను గోడమీద వేళ్ళను ఎక్కడున్నవి అక్కడే ఆపేశాను. ఆ అమ్మాయి ఫిల్ము పక్కన పెట్టి బల్లమీద ఆమె పక్కన కూర్చుంది. "రాయికి తిండి అక్కర్లేదు. మోకాలికి కావాల. లోపల జిగట ఉంటాది. కాలు కదిలితేనే ఆ జిగట గుజ్జుకు అందుతాది. కదిలించకపోతే పస్తే. ఇంగోటి, బరువు మోసేది ఎముకొక్కటే కాదు, తొడ కండ గూడా. కండకు పని చెప్పకపోతే బరువంతా పోయి ఆ సందు మీదే పడుతాది."

"పొయ్యిన గుజ్జు మల్లా వస్తాదా?"

"రాదు. నొప్పి తగ్గుతాది. లేసి తిరగొచ్చు. ఉన్నదాన్ని కాచుకోవచ్చు."

"రాదు గదా. అదే గదా నేను అంటాండేది."

గెలిచిన ముఖం పెట్టి నావైపు చూసింది. నేను వెంటనే గోడ ఎక్కడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఇంకేమీ వాదించలేదు. చీర కాస్త పైకి జరిపి, ఈమె రెండు చేతులూ పట్టుకుని, రెండు తొడల మీదా పెట్టింది. "తడిమి చూడు. నీకు నేను చెప్పేదేముంది. ఏది సన్నంగా ఉండాది?"

ఈమె తడిమింది. కళ్ళు మూసుకుని తడిమింది. విగ్రహం ముఖాన్ని కూడా అలాగే తడిమేదట, కోడలు తర్వాత చెప్పింది. కుడి తొడ కండ కరిగిపోయి తోలు జారి ఉంది. ఎడమ కాలిదే కాస్త దిట్టంగా ఉంది.

"ఏ కాలును దాచిపెట్టినావు?"

ఆమె చీర కిందికి లాక్కుంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఎవరి ముఖానికీ వంక పెట్టలేదు. బస్సు శిరివెళ్ళ దాటాక అంది: "మా ఆయప్ప చెప్పింది రాయికి. నేను నాకు చెప్పినాడనుకుంటి."

ఏదో ఒకటి అనాలని, "పర్వాలేదులే పెద్దమ్మా, ఇప్పటినుంచి చేద్దువుగానీ," అన్నాను.

"పర్వాలేదా? ఇన్నేండ్లు కుర్చీలో కూచుంటి."

 ఆ మాట అని, ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

ఇక మొదలుపెడితే ఆమె ఏదీ కొద్దిగా చేసే మనిషి కాదు. తువ్వాల అదమడం, కాలు చాపి లేపి పట్టడం, కూర్చున్నచోట నుంచి చేతులు ఆనించకుండా లేవడం, రోజంతా అదే పని. వారం తిరక్కుండా మోకాలు ఉబ్బింది. సెంటరు అమ్మాయి చూసి తల పట్టుకుంది. "కొంచెం చేసి ఆపమంటి గదా. నునుపొచ్చినాక చెయ్యి తియ్యాలని నాకు చెప్పింది ఎవురు?"

నేను ఆ అమ్మాయి నవ్వడం చూసింది ఆ ఒక్కరోజే. ఈమె కూడా నవ్వింది. నవ్వి చాలాసేపు దగ్గింది. దగ్గు ఆమెకు మామూలే. నీళ్ళలో కూర్చునే పని, జలుబు పడుతుంది అనుకునేవాళ్ళం.

నెలలు గడిచేకొద్దీ తేడా కనిపించింది. ముందు బస్సు మెట్టెక్కాలంటే తొడమీద చెయ్యి ఆనించి, కండక్టరును తిట్టి, అప్పుడు ఎక్కేది. ఇప్పుడు కండక్టరును తిట్టి ఊరికే ఎక్కేది. రాత్రిపూట నొప్పికి మెలకువ రావడం లేదంది. కానీ నేలమీద గొంతుక్కూర్చోవడం ఇక కుదరదని ఆ అమ్మాయి ఖచ్చితంగా చెప్పేసింది. "ఆ మోకాళ్ళు ఇంగ అంత మడతకు రావు. నువ్వు దిగే పని లేదు. రాయినే పైకెత్తమను."

షెడ్డులో ఈ మాట చెప్పినప్పుడు నేనూ ఉన్నాను. కొడుకు వినలేదు. "రాయిని పైన పెడితే జారితే ఎవురిదన్నా కాలు పోతాది. మా తాతల కాడ్నుంచి కిందనే చేస్తాండాం." విచిత్రంగా ఈమె కూడా కొడుకు పక్షమే తీసుకుంది. "అమ్మోరు కింద పండుకోని ఉంటే నేను పీట మీద కూచోని రుద్దాల్నా? బాగుండాది మర్యాద."

"ఇద్దరూ పైనే ఉంటారు గదా పెద్దమ్మా," అన్నాను. "ఆమె నీకంటే ఒక జానెడు పైనే ఉంటాది."

ఆలోచించింది. కొడుకును చూసింది. కొడుకు నన్ను చూసిన చూపులో గౌరవం ఏమీ లేదు. అయినా బండి ఆత్మకూరు వైపు ఒక ఊరి అమ్మవారి విగ్రహం ఉలి పని పూర్తికాగానే, నలుగురిని పిలిచి, గొలుసు కప్పీతో లేపి, రాతిదిమ్మల మీద పడుకోబెట్టించాడు. పక్కన ఎత్తు స్టూలు వేశాడు. కుర్చీ కాదు, స్టూలు. ఈమె ఎక్కి కూర్చుని, అమ్మవారి ముఖాన్ని కళ్ళు మూసుకుని తడిమి, "ముక్కు పక్కన ఉలి దెబ్బ లోతుగా పడింది. ఎవుర్రా ఇది?" అంది. కొడుకు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కోడలు నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టింది.

కథ ఇక్కడ ఆపితే ఫిజియోథెరపీ సెంటరు గోడమీద అంటించుకోవచ్చు.

కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ ఆమె ఊపిరి సంగతి బయటపడలేదు. నడవని మనిషికి ఆయాసం వచ్చే అవకాశమేది? మోకాళ్ళు నడవనిచ్చాకే తెలిసింది. బస్టాండు నుంచి సెంటరుకు నడిచేటప్పుడు నాలుగు కొట్లు దాటి ఆగేది. కొట్లో ఏదో చూస్తున్నట్టు నిలబడేది. బంగారు కొట్టు, ఎరువుల కొట్టు, ఏదైనా సరే. ఒకరోజు ఎరువుల కొట్టు ముందు మరీ ఎక్కువసేపు నిలబడింది. "యూరియా కొంటావా పెద్దమ్మా?" అన్నాను. జవాబు చెప్పడానికి ఆమెకు ఊపిరి చాలలేదు.

సెంటరులో ఆ అమ్మాయి ఆ రోజు కరెంటు పెట్టలేదు. ఛాతీ కదలడం చూస్తూ కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచి దగ్గు, షెడ్డులో మిషన్లు ఎప్పుడొచ్చాయి అని అడిగింది. ముందు అంతా ఉలి, నీళ్ళు. పదేళ్ళ కిందట కోసే మిషన్లు వచ్చాయి. షెడ్డంతా పొడి. ఆ షెడ్డు వాకిట్లో, గాలి బయటికి పోయే దారిలోనే, కుర్చీ.

"మోకాలిది నేను చూసుకుంటా. ఇది నా చేతిలో లేదు. కర్నూలు పోండి," అంది ఆ అమ్మాయి. ఆమె గొంతులో మొదటిసారి ఓపిక లేదు.

కర్నూలుకు కొడుకూ, నేనూ తీసుకెళ్ళాం. అక్కడి పెద్ద డాక్టరు ఛాతీ ఫోటోను దీపం పెట్టెకు తగిలించి, పొగమంచు లాంటి మచ్చలు చూపించాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరిందనీ, పోయిన భాగం తిరిగి రాదనీ, ఇకమీదట ఆ షెడ్డు వైపే పోకూడదనీ కొడుకుకు చెప్పాడు. ఆమెకు చెప్పలేదు. డాక్టర్లు మనం గదిలో లేనట్టు మాట్లాడతారు. ఈమె అన్నీ విన్నది. లేచి వెళ్ళి ఆ ఫోటోమీద బొటనవేలు పెట్టింది.

"చూసినావా అయివారా. లోపల రాయే ఉండాదని నేను అప్పుడే చెప్తి. ఆ పిల్ల వినలేదు."

డాక్టరు నావైపు చూశాడు, ఆమె ఏమంటున్నదని. నేను అనువాదం చేయలేదు.

తర్వాత జరిగింది చెప్పడం కష్టం, ఎందుకంటే పెద్దగా ఏమీ జరగలేదు. కొడుకు కుర్చీని షెడ్డు నుంచి ఇంటి వెనక వైపుకు మార్చాడు. ఆమె రెండు రోజులు తినలేదు. మూడో రోజు నాకు కబురు పెట్టింది. పోయేసరికి మంచం మీద కూర్చుని కాలు చాపి లేపి పట్టి, దించి, మళ్ళీ లేపుతోంది. వ్యాయామం మానలేదు.

"వానికి చెప్పు అయివారా. మోకాళ్ళు బాగైనాయి. ఇప్పుడు కూచోనీకుంటే ఇంగ దేనికి బాగుచేసిరి?"

కొడుకు పెరట్లో నిలబడి ఉన్నాడు. నేను చెప్పబోయేది ఆయనే ముందు అందుకున్నాడు. "పంపిస్తే సంపినోన్ని నేనైతా. పంపకపోతే ఆయమ్మ ఇట్లనే పోతాది. మీరు సదువుకున్నోరు గదా సార్, చెప్పండి."

నాకు కామర్స్ తెలుసు. దానిలో ఈ లెక్క లేదు.

కొన్నిరోజుల తర్వాత ఉదయం కాలేజీకి పోతూ షెడ్డు దగ్గర ఆగాను. ఎప్పుడూ ఆ వీధి మొదట్లోనే మిషన్ల రొద వినబడుతుంది. ఆ రోజు ఏమీ లేదు. లోపల మిషన్లన్నీ ఆపి ఉన్నాయి. పని చేసేవాళ్ళు బయట బీడీలు తాగుతూ కూర్చున్నారు. నేలంతా కోడలు నీళ్ళు చల్లి తడిపి ఉంచింది. స్టూలు మీద ఆమె, ముక్కుకూ మూతికీ తడిగుడ్డ చుట్టుకుని, అమ్మవారి చెంప రుద్దుతోంది. సానరాయి రాసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. అది కూడా మధ్యమధ్య ఆగేది. అలా ఆగినప్పుడల్లా బయట కొడుకు తలెత్తి లోపలికి చూసేవాడు. మళ్ళీ చప్పుడు మొదలైతే తల దించుకునేవాడు.

"పొద్దున్నే కాసేపు ఆపుతాండాం సార్," అన్నాడు, నేనేదో అడిగినట్టు. "ఎండెక్కినాక మల్లా పెడతాం."

నేను కాలేజీకి పోయి పాఠం చెప్పాను. ఏం చెప్పానో తెలియదు. బోర్డు పైదాకా రాశానట, పిల్లలు తర్వాత గుర్తు చేశారు.

అలా ఎన్నాళ్ళో జరగలేదు. చప్పుడు ఆగే సమయం పెరిగింది. ఒక ఉదయం స్టూలు దగ్గరికి నడిచి వచ్చి, ఎక్కలేక, అమ్మవారి చేతిమీద తల ఆనించి నిలబడిపోయిందట. మోకాళ్ళు కాదు, గాలి చాలక. ఆ తర్వాత మంచం, ఆక్సిజన్ సిలిండరు. సెంటరు అమ్మాయి ఒక ఆదివారం ఆళ్ళగడ్డకు వచ్చి, ఎలా కూర్చుంటే ఊపిరి ఆడుతుందో, ఎలా నోటితో మెల్లగా వదలాలో నేర్పించి పోయింది. అదీ ఫిజియోథెరపీలోనిదేనట. ఆ నేర్పినట్టు చేసినప్పుడు కాస్త తేలికపడేది. చివరిసారి నేను చూసినప్పుడు అలాగే దిండు మీదికి వంగి కూర్చుని, నన్ను చూసి చెయ్యి ఊపింది. దగ్గరికి వెళితే నా దవడ మీద బొటనవేలు పెట్టి తడిమింది. ఏమీ అనలేదు. అనడానికి గాలి లేదనుకున్నాను. వంక దొరకలేదనుకోవడానికి మనసొప్పలేదు.

మర్నాడు తెల్లవారుజామున పోయింది. ఎత్తేటప్పుడు కాళ్ళు చక్కగా చాపుకున్నాయని ఆడవాళ్ళు అనుకున్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు అలా రావట కాళ్ళు.

నంద్యాల నుంచి పేపర్లు దిద్ది తిరిగి వచ్చిన మర్నాడు షెడ్డుకు పోయాను. కండక్టరుకు సంగతి చెప్పకుండా దాచినందుకు కాదు, ఊరికే. మిషన్లు ఆడుతున్నాయి. కొడుకు నన్ను చూసి తల ఊపాడు, రొదలో మాట వినబడదు కాబట్టి. బండి ఆత్మకూరు అమ్మవారిని నిలబెట్టి గోడకు ఆనించారు. వచ్చే వారం బండి వస్తుందట. రాతిదిమ్మల మీద సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి.

కోడలు ఇంకో విగ్రహం పక్కన, తడినేల మీద గొంతుక్కూర్చుని రుద్దుతోంది. ఇది కూర్చున్న అమ్మవారు, ఒక మోకాలు మడిచి ఒకటి కిందికి వేలాడేసి. ముక్కుకు గుడ్డ లేదు. నేను గోడకు ఆనించిన అమ్మవారి ముఖం వైపు చూస్తుంటే కోడలు చెప్పింది.

"ఎడం పక్క ఆయమ్మ చేసింది సార్. కుడి పక్క నేను చేసినా."

దగ్గరికి పోయి చూశాను. వెలుతురులోకి జరిగి చూశాను. "రెండూ ఒకే మాదిరి ఉన్నాయమ్మా," అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఆయమ్మ ఒక్క పొద్దన్నా అట్ల అనలేదు," అంది. మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది.

"దీన్ని గూడా పైకెత్తించమని చెప్పకపోయినావా మీ ఆయనకు? ముక్కుకు గుడ్డ కట్టుకో. నంద్యాలలో ఆ అమ్మాయి ఉంది, ఒకసారి చూపించుకో."

"పైకెత్తాలంటే నలుగురు రావాల సార్. ఆయమ్మకు మోకాళ్ళు పోయినాయని ఎత్తిరి. నాకేమైంది, బాగానే ఉండా."

చెంబు ఖాళీ అయింది. నీళ్ళు తేవడానికి లేవబోయింది. వెంటనే లేవలేకపోయింది. ఒక చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, ఇంకో చేత్తో అమ్మవారి మోకాలు పట్టుకుని, పళ్ళు బిగించి లేచింది.